డ్యూయల్ బూట్ ల్యాప్‌టాప్‌కి ఏ బూట్ లోడర్? గ్రబ్ పీకేసే ముందు ఇది చదవండి

మీరు అడిగింది ఇదీ: ల్యాప్‌టాప్‌లో విండోస్ 11 పక్కన ఉబుంటు వేసుకున్నారు. మొదట్లో గ్రబ్ మెనూ వచ్చేది (గ్రబ్ అంటే ల్యాప్‌టాప్ ఆన్ కాగానే ఏ సిస్టమ్ కావాలో అడిగి దాన్ని లేపే ప్రోగ్రామ్, అంటే బూట్ లోడర్). విండోస్ అప్‌డేట్ అయ్యాక మెనూ రాకుండా నేరుగా విండోస్‌లోకి పోతోంది. ఎఫ్12 నొక్కి ఉబుంటు ఎంచుకుంటే గ్రబ్ వస్తోంది గానీ అందులో విండోస్ కనపడటం లేదు. గ్రబ్ తీసేసి సిస్టమ్‌డీ-బూట్ గానీ రీఫైండ్ గానీ (ఇవీ బూట్ లోడర్లే) పెట్టుకుంటే ఈ గొడవ వదులుతుందా అని మీ ప్రశ్న.

వదలదండీ. మీ దగ్గర రెండు వేర్వేరు సమస్యలు కలిసిపోయి ఉన్నాయి. నేరుగా విండోస్‌లోకి పోవడం మదర్‌బోర్డు ఫర్మ్‌వేర్ (బోర్డులోనే ఉండి అన్నిటికంటే ముందు నడిచే సాఫ్ట్‌వేర్) వ్యవహారం. అక్కడ వరుస మారిందంటే ఏ లోడర్ పెట్టినా అదే జరుగుతుంది. గ్రబ్‌లో విండోస్ కనపడకపోవడం ఒక సెట్టింగ్ వ్యవహారం. ఒక్క లైనుతో పోతుంది. ఎఫ్12 నొక్కితే గ్రబ్ వస్తోందంటే గ్రబ్ నిక్షేపంగా ఉన్నట్టే.

కమాండ్లు, ఫైళ్ల పేర్లు కింద తెలుగు అక్షరాల్లో రాశాను. టెర్మినల్‌లో మామూలుగా ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాలి.

ఏదైనా ముట్టుకునే ముందు విండోస్‌లోకి వెళ్లి బిట్‌లాకర్ (డిస్కుకి తాళం వేసే విండోస్ ఏర్పాటు) రికవరీ కీ మీ దగ్గర ఉందో లేదో చూసుకోండి. విండోస్ 11 హోమ్‌లో కూడా ‘డివైస్ ఎన్‌క్రిప్షన్’ అనే పేరుతో అది ఆన్ అయి ఉండొచ్చు. మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయ్యారంటే మీరు ఆన్ చేసినట్టు మీకే తెలియకపోవచ్చు. బూట్ వరుస మార్చినా, సెక్యూర్ బూట్ (సంతకం ఉన్న లోడర్‌నే లేవనిచ్చే ఫర్మ్‌వేర్ తనిఖీ) ఆపినా విండోస్ నీలం స్క్రీన్ మీద 48 అంకెల కీ అడగొచ్చు. అది లేకపోతే డేటా మీద ఆశ వదులుకోవాల్సిందే. మైక్రోసాఫ్ట్ ఖాతా పేజీలో ఆ కీ దొరుకుతుంది, కాగితం మీద రాసి పెట్టుకోండి. బూట్ లోడర్ పాడైతే అరగంటలో బాగుచేయొచ్చు, పోయిన కీకి మాత్రం మందు లేదు. అలాగే విండోస్ పవర్ ఆప్షన్స్‌లో ‘ఫాస్ట్ స్టార్టప్’ ఆపేయండి. అది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ కొట్టినా విండోస్ సగం నిద్రలోనే ఉంటుంది, దాని డ్రైవ్‌లు లినక్స్‌లో సరిగా తెరుచుకోవు.

ఇప్పుడు పవర్ బటన్ నొక్కాక జరిగేది కొంచెం అర్థం చేసుకుందాం. ఇది తెలియకుండా యూట్యూబ్ చూసి కమాండ్లు కొట్టేవాళ్లే ఎక్కువ ఇబ్బంది పడుతున్నారు. పాత రకం ఫర్మ్‌వేర్ అయిన బయోస్ ఉన్న మెషీన్లలో డిస్కు మొట్టమొదటి 512 బైట్లే అన్నిటికీ ఆధారం. అందులో 446 బైట్లు లోడర్ కోడ్‌కి, 64 బైట్లు పార్టిషన్ టేబుల్‌కి, చివరి 2 బైట్లు గుర్తుకి. చోటు ఒక్కటే కాబట్టి విండోస్ మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తే గ్రబ్ చెరిగిపోయేది. ‘విండోస్ గ్రబ్‌ని తినేసింది’ అనే మాట ఆ కాలం నుంచే వచ్చింది.

మీ ల్యాప్‌టాప్ యూఈఎఫ్ఐ అనే కొత్త రకం ఫర్మ్‌వేర్‌ది. ఇందులో డిస్కు మీద ఫ్యాట్ ఫార్మాట్‌లో ఈఎస్‌పీ అనే చిన్న పార్టిషన్ ఉంటుంది. మైక్రోసాఫ్ట్ ఫోల్డర్ ఒకటి, ఉబుంటు ఫోల్డర్ ఒకటి పక్కపక్కనే ఉంటాయి, ఒకదాని జోలికి ఇంకొకటి మామూలుగా పోదు. ఏది ముందు లేవాలన్న జాబితా మాత్రం డిస్కు మీద ఉండదు, మదర్‌బోర్డు మెమరీలో ఉంటుంది. విండోస్ అప్‌డేట్ గానీ, బయోస్ అప్‌డేట్ గానీ చాలాసార్లు మార్చేది ఆ జాబితా వరుసనే.

ఆ జాబితాని మీరే చూడొచ్చు. ఎఫ్12తో ఉబుంటులోకి వెళ్లి ‘సుడో ఈఎఫ్ఐబూట్‌ఎంజీఆర్’ కొట్టండి. ఇలాంటివి కనపడతాయి:

బూట్‌కరెంట్: 0003
బూట్‌ఆర్డర్: 0000,0003,2001
బూట్0000* విండోస్ బూట్ మేనేజర్
బూట్0003* ఉబుంటు

బూట్‌ఆర్డర్‌లో 0000 ముందుంది కాబట్టి విండోస్ ముందు లేస్తోంది. నంబరు పక్కన నక్షత్రం గుర్తు (*) ఉంటే ఆ ఎంట్రీ యాక్టివ్‌గా ఉన్నట్టు. ‘సుడో ఈఎఫ్ఐబూట్‌ఎంజీఆర్ -ఓ 0003,0000,2001’ అని కొడితే (ఇక్కడ ‘ఓ’ ఇంగ్లీషు చిన్న అక్షరం) ఉబుంటు ముందుకొస్తుంది. నంబర్లు మీ మెషీన్‌లో వేరుగా ఉంటాయి, మీవే వేయండి. రీబూట్ చేసి చూడండి, పదిమందిలో ఎక్కువమందికి ఇక్కడితో అయిపోతుంది.

కొన్ని ల్యాప్‌టాప్‌ల ఫర్మ్‌వేర్ మొండిది. మీరు వరుస మార్చినా తర్వాతి బూట్‌కి మళ్లీ విండోస్‌నే పైన పెడుతుంది. అలాంటప్పుడు ముందు బయోస్ సెటప్‌లోకి వెళ్లి బూట్ వరుస అక్కడ నుంచి మార్చి చూడండి. కొన్నిటిలో సూపర్‌వైజర్ పాస్‌వర్డ్ పెట్టాక గానీ ఆ ఆప్షన్లు తెరుచుకోవు, పెట్టిన పాస్‌వర్డ్ మర్చిపోకండి. అదీ కాకపోతే విండోస్‌లో అడ్మినిస్ట్రేటర్ కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, బీసీడీఎడిట్ కమాండ్‌తో బూట్‌మేనేజర్ ఎంట్రీ పాత్‌ని ఉబుంటు ఫోల్డర్‌లోని షిమ్ఎక్స్64.ఈఎఫ్ఐ ఫైలుకి (గ్రబ్‌ని లేపే షిమ్ అనే చిన్న లోడర్ ఇది) మళ్లించొచ్చు. పేరు విండోస్ అనే ఉంటుంది, లేచేది గ్రబ్. ఇది పనిచేస్తుంది కానీ మిగతా దారులన్నీ మూసుకుపోతేనే వాడండి, ఎందుకంటే తర్వాతి విండోస్ పెద్ద అప్‌డేట్ దాన్ని మళ్లీ మొదటికి తెచ్చేయొచ్చు.

రెండో సమస్యకి వద్దాం. పక్క పార్టిషన్లలో ఏ సిస్టమ్‌లు ఉన్నాయో వెతికి గ్రబ్ మెనూలో చేర్చేది ఓఎస్-ప్రోబర్ అనే చిన్న ప్రోగ్రామ్. గ్రబ్ 2.06 నుంచి, అంటే 2021 నుంచి, దాన్ని డిఫాల్ట్‌గా ఆపేశారు. అది రూట్ హోదాలో (సిస్టమ్ మీద పూర్తి అధికారంతో) నడుస్తూ కనపడ్డ ప్రతి పార్టిషన్‌నీ మౌంట్ చేసి (అంటే తెరిచి) చూస్తుంది, భద్రతాపరంగా అది మంచిది కాదని గ్రబ్ రాసేవాళ్ల ఉద్దేశం. మీ సొంత ల్యాప్‌టాప్‌లో, మీకు తెలిసిన విండోస్ కోసం దాన్ని ఆన్ చేసుకోవడంలో తప్పేం లేదు. ‘/ఈటీసీ/డిఫాల్ట్/గ్రబ్’ ఫైలు తెరిచి ‘గ్రబ్_డిజేబుల్_ఓఎస్_ప్రోబర్=ఫాల్స్’ అని ఒక లైను చేర్చండి. సమానం గుర్తుకి ఎడమ పక్కది మొత్తం పెద్ద అక్షరాల్లో, కుడి పక్క ఫాల్స్ చిన్న అక్షరాల్లో ఉండాలి. సేవ్ చేసి ‘సుడో అప్‌డేట్-గ్రబ్’ కొట్టండి. ‘ఫౌండ్ విండోస్ బూట్ మేనేజర్’ అని ఒక లైను కనపడితే పని అయినట్టే.

నేనైతే ఓఎస్-ప్రోబర్‌ని ఆపే ఉంచి, విండోస్ ఎంట్రీని ‘/ఈటీసీ/గ్రబ్.డీ/40_కస్టమ్’ ఫైలులో చేత్తో రాసుకుంటాను. ఈఎస్‌పీ యూయూఐడీతో (పార్టిషన్‌ గుర్తింపు నంబరుతో) ఒక సెర్చ్ లైను, మైక్రోసాఫ్ట్ ఫోల్డర్‌లోని బూట్ఎంజీఎఫ్‌డబ్ల్యూ.ఈఎఫ్ఐకి ఒక చైన్‌లోడర్ (ఇంకో లోడర్‌కి పని అప్పగించే) లైను, అంతే. ఒకసారి రాస్తే ఏళ్ల తరబడి అలాగే ఉంటుంది, ప్రతి కెర్నల్ (లినక్స్‌కి గుండెకాయ లాంటి ప్రోగ్రామ్) అప్‌డేట్‌కీ డిస్కులన్నీ వెతికే పని తప్పుతుంది.

ఇక అసలు ప్రశ్న, ఏది ఎంచుకోవాలి. నా సమాధానం ఇన్నేళ్లలో మారలేదు: మీ డిస్ట్రో (ఉబుంటు, ఆర్చ్ లాంటి లినక్స్ రకం) ఏ లోడర్‌ని తనంతట తాను చూసుకుంటుందో అదే వాడండి. లోడర్‌ని ఒకసారి పెట్టి వదిలేస్తే కుదరదు. కొత్త కెర్నల్ వచ్చిన ప్రతిసారీ, ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ (కెర్నల్‌తో పాటు లోడ్ అయ్యే తొలి ఫైళ్ల మూట) తయారైన ప్రతిసారీ ఎవరో ఒకరు ఆ ఎంట్రీ సరిచేయాలి. లిలో అనే పాత లోడర్ వాడిన రోజులు గుర్తున్నవాళ్లకి ఇది బాగా తెలుసు. అది కెర్నల్ డిస్కు మీద ఏ బ్లాకుల్లో ఉందో రాసిపెట్టుకునేది, కెర్నల్ మార్చి లిలో కమాండ్ మళ్లీ కొట్టడం మర్చిపోతే మర్నాడు సిస్టమ్ లేచేది కాదు. 2015 డిసెంబరుతో దాని అభివృద్ధి ఆగిపోయింది. గ్రబ్ గొప్పతనమల్లా ఫైల్‌సిస్టమ్‌ని తానే చదవగలగడం. ఈఎక్స్‌టీ4, బీటీఆర్‌ఎఫ్ఎస్ లాంటి ఫైల్‌సిస్టమ్‌లు, ఎల్‌వీఎం, రెయిడ్ లాంటి డిస్కు అమరికలు, ఏదైనా లోపలికి చూసి కెర్నల్‌ని వెతుక్కుంటుంది. దాని బరువూ అక్కడే ఉంది: అన్నీ చదవాలి కాబట్టి కోడ్ పెద్దది, లోపాలు కూడా అలాగే దొరుకుతుంటాయి. 2020 జూలైలో బయటపడ్డ బూట్‌హోల్ కేవలం కాన్ఫిగ్ ఫైలు చదివే చోట ఉన్న లోపం.

సిస్టమ్‌డీ-బూట్ దీనికి పూర్తిగా ఎదురు దారి. ఒకప్పుడు గమ్మీబూట్ పేరుతో ఉండేది, 2015లో సిస్టమ్‌డీలో కలిసింది. ఏ లినక్స్ ఫైల్‌సిస్టమ్‌నీ అది స్వయంగా చదవదు. కెర్నల్ ఈఎస్‌పీలో గానీ, దానికి తోడుగా పెట్టిన ఎక్స్‌బూట్‌ఎల్‌డీఆర్ పార్టిషన్‌లో గానీ ఉండాలి. యూఈఎఫ్ఐ మెషీన్లలో మాత్రమే పనిచేస్తుంది. కాన్ఫిగరేషన్ చూస్తే మాత్రం ముచ్చటేస్తుంది. ఆర్చ్‌లో ఒక ఎంట్రీ ఫైలు మొత్తం ఇంతే:

టైటిల్ ఆర్చ్ లినక్స్
లినక్స్ /వీఎంలినజ్-లినక్స్
ఇనిట్‌ఆర్‌డీ /ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్-లినక్స్.ఐఎంజీ
ఆప్షన్స్ రూట్=యూయూఐడీ=(మీ రూట్ పార్టిషన్‌ది) ఆర్‌డబ్ల్యూ

నాలుగు లైన్లు. ఏది తప్పో కళ్లతోనే కనపడుతుంది. దీనికి పైన లోడర్.కాన్ఫ్ అనే ఫైలులో డిఫాల్ట్ ఎంట్రీ, టైమౌట్ రాస్తారు. అందులో ‘ఎడిటర్ నో’ కూడా రాయండి. లేకపోతే మీ ల్యాప్‌టాప్ చేతికొచ్చిన ఎవరైనా బూట్ లైనులో ‘ఇనిట్=/బిన్/బాష్’ చేర్చి పాస్‌వర్డ్ లేకుండా రూట్‌గా లోపలికి వచ్చేయొచ్చు. గ్రబ్‌లోనూ ఇదే ప్రమాదం ఉంది, డిస్కు ఎన్‌క్రిప్ట్ చేసుకున్నవాళ్లకి మాత్రం దీని భయం తక్కువ.

మరి మీకు ఇదెందుకు వద్దంటున్నాను? ఒకటి, ఉబుంటు తన కెర్నల్ అప్‌డేట్లన్నీ గ్రబ్‌ని నమ్ముకుని చేస్తుంది. రెండు, విండోస్ ఇన్‌స్టాలర్ చేసే ఈఎస్‌పీ తరచుగా 100 ఎంబీ మాత్రమే ఉంటుంది. ఒక కెర్నల్‌కీ దాని ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్‌కీ కలిపి దాదాపు అంత చోటు పట్టొచ్చు, ఉబుంటు రెండు మూడు కెర్నల్స్ ఉంచుకుంటుంది. సగం రాసిన ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్‌తో రీబూట్ అయితే తర్వాత ఏమవుతుందో చెప్పక్కర్లేదు. మూడు, సెక్యూర్ బూట్. ఉబుంటు వాళ్ల గ్రబ్ షిమ్ ద్వారా లేస్తుంది, షిమ్ మీద మైక్రోసాఫ్ట్ సంతకం ఉంటుంది కాబట్టి మీరేమీ చేయకుండానే నడుస్తోంది. సిస్టమ్‌డీ-బూట్ చేత్తో పెట్టుకుంటే మామూలుగా సొంత కీలు తయారుచేసి ఫర్మ్‌వేర్‌లో ఎక్కించాలి. చేయగలిగిన పనే, ఎస్‌బీసీటీఎల్ అనే ప్రోగ్రామ్ దాన్ని చాలా తేలిక చేసింది. కానీ మీ అవసరానికి అంత శ్రమ దండగ.

పాప్ ఓఎస్ వేసుకుంటే యూఈఎఫ్ఐ మెషీన్‌లో వాళ్లే సిస్టమ్‌డీ-బూట్ పెడతారు, అక్కడ దాన్నే ఉంచండి. ఆర్చ్ కొత్తగా వేసుకుంటూ ఈఎస్‌పీ మీరే 1 జీబీ చేసుకుంటున్నారంటే కళ్లు మూసుకుని సిస్టమ్‌డీ-బూట్ పెట్టుకోమంటాను. ఆర్చ్‌లో గ్రబ్ వాడేవాళ్లకి 2022 ఆగస్టు గుర్తుండే ఉంటుంది. కొత్త గ్రబ్ ప్యాకేజీ తయారుచేసిన మెనూ ఫైలులో ఒక కొత్త ఆప్షన్ ఉంది, ఈఎస్‌పీలో ఉన్న పాత గ్రబ్‌కి అది తెలియదు. దాంతో చాలామంది మెషీన్లు సిస్టమ్ లేవకుండా బయోస్ సెటప్‌లోకి పోయి కూర్చున్నాయి. ఉబుంటు, డెబియన్‌లో గ్రబ్ ప్యాకేజీ అప్‌డేట్ అయితే ఈఎస్‌పీలోది కూడా దానంతటదే మారుతుంది. ఆర్చ్‌లో గ్రబ్-ఇన్‌స్టాల్, గ్రబ్-ఎంకేకాన్ఫిగ్ రెండూ మీరే కొట్టాలి. ఒకటి కొట్టి ఒకటి వదిలేస్తే ఇలాగే అవుతుంది.

రీఫైండ్ గురించి అడిగారు కదా. అందంగా ఉంటుంది, ఐకాన్లతో ఉన్న మెనూ, బూట్ అయిన ప్రతిసారీ ఉన్న కెర్నల్స్‌నీ విండోస్‌నీ తానే వెతికి చూపిస్తుంది. మూడు నాలుగు డిస్ట్రోలు మార్చి మార్చి వేసేవాళ్లకీ, పాత ఇంటెల్ మ్యాక్‌ల మీద లినక్స్ వేసేవాళ్లకీ దాన్ని మించింది లేదు. కానీ గుర్తుంచుకోండి, అది కూడా ఫర్మ్‌వేర్ జాబితాలో ఒక ఎంట్రీయే. మీ ల్యాప్‌టాప్ విండోస్‌ని పైకి తోస్తే రీఫైండ్ కూడా కిందికే పోతుంది.

పాత బయోస్ మెషీన్ అయితే మాట్లాడుకోవాల్సిందేమీ లేదు, గ్రబ్. అక్కడ డిస్కు జీపీటీ (కొత్త రకం పార్టిషన్ టేబుల్) అయితే 1 ఎంబీ బయోస్ బూట్ పార్టిషన్ మర్చిపోకండి. బీటీఆర్‌ఎఫ్ఎస్ స్నాప్‌షాట్ల నుంచి నేరుగా బూట్ చేయాలనుకునేవాళ్లకి కూడా గ్రబ్బే సుఖం. డిస్కు మొత్తం లక్స్2 అనే లినక్స్ పద్ధతితో ఎన్‌క్రిప్ట్ చేసి /బూట్ (కెర్నల్ ఉండే ఫోల్డర్) కూడా అందులోనే పెట్టాలనుకుంటే మాత్రం ఆలోచించుకోండి. గ్రబ్ 2.12 వరకు ఆర్గాన్2 పద్ధతిలో తాళం వేసిన లక్స్2ని తెరవలేదు, ఉబుంటు అయితే /బూట్‌ని బయట వేరే పార్టిషన్‌గా పెడుతుంది. ఆ /బూట్ నిండిపోతే వచ్చే తిప్పలు వేరే. కొత్త కెర్నల్ ఎక్కుతుంది, ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ పూర్తిగా రాయబడదు, రీబూట్ చేస్తే ‘కెర్నల్ ప్యానిక్, అనేబుల్ టు మౌంట్ రూట్ ఎఫ్ఎస్’ అని ఆగిపోతుంది. అది చూసి గ్రబ్ మళ్లీ ఇన్‌స్టాల్ చేసేవాళ్లని ఎందరినో చూశాను. గ్రబ్ తన పని చేసి తప్పుకున్నాకే ఆ మెసేజ్ వస్తుంది. మెనూలో ‘అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్’లోకి వెళ్లి పాత కెర్నల్‌తో లేచి, ‘సుడో ఆప్ట్ ఆటోరిమూవ్’తో చోటు చేసి, ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ మళ్లీ తయారుచేస్తే సరిపోతుంది.

స్క్రీన్ మీద ఏముందో చదివితే సగం జవాబు దొరికినట్టే. ‘గ్రబ్ రెస్క్యూ’ అని ఉంటే గ్రబ్‌కి తన ఫోల్డరే దొరకలేదు. విండోస్ డిస్క్ మేనేజ్‌మెంట్‌లో లినక్స్ పార్టిషన్ ఎవరో తీసేస్తేనో, నంబర్లు మారితేనో ఇలా వస్తుంది. ఉత్త ‘గ్రబ్’ ప్రాంప్ట్ ఉంటే గ్రబ్ బాగానే లేచింది, మెనూ ఫైలు దొరకలేదు. ఉబుంటులో అయితే ఈఎస్‌పీలోని ఉబుంటు ఫోల్డర్‌లో మూడు లైన్ల చిన్న గ్రబ్.సీఎఫ్‌జీ ఉంటుంది, అసలు మెనూ ఏ యూయూఐడీ ఉన్న పార్టిషన్‌లో ఉందో అందులో రాసి ఉంటుంది. రూట్ పార్టిషన్ ఫార్మాట్ చేసి మళ్లీ వేస్తే ఆ యూయూఐడీ పాతదైపోతుంది. ‘వెరిఫైయింగ్ షిమ్ ఎస్‌బీఏటీ డేటా ఫెయిల్డ్’ అని వస్తే అది సెక్యూర్ బూట్ సంగతి (ఎస్‌బీఏటీ అంటే లోపాలున్న పాత లోడర్లని ఆపే ఏర్పాటు). 2024 ఆగస్టులో ఒక విండోస్ అప్‌డేట్ తర్వాత చాలా డ్యూయల్ బూట్ మెషీన్లకి వచ్చింది. సెక్యూర్ బూట్ తాత్కాలికంగా ఆపి, లినక్స్‌లోకి వెళ్లి, ‘సుడో మోక్‌యుటిల్ --సెట్-ఎస్‌బీఏటీ-పాలసీ డిలీట్’ కొట్టి, లినక్స్‌లోకే ఒకసారి రీబూట్ అయ్యి, షిమ్ కొత్తది ఉందని చూసుకుని, మళ్లీ ఆన్ చేయాలి.

ఆన్ చేయడం మాత్రం మరవద్దు. సెక్యూర్ బూట్ శాశ్వతంగా ఆపేయమని సలహా ఇచ్చే వీడియోలు చాలా ఉన్నాయి. ఉబుంటు, ఫెడోరా, డెబియన్ మూడూ దానితోనే నడుస్తాయి. వాలరెంట్ లాంటి ఆటలు విండోస్ 11లో అది లేకపోతే తెరుచుకోవు కూడా. ఎన్విడియా డ్రైవర్ వేసేటప్పుడు ఒక పాస్‌వర్డ్ అడిగి, రీబూట్‌లో నీలం స్క్రీన్ వస్తే కంగారు పడకండి. ‘ఎన్‌రోల్ మోక్’ (ఆ డ్రైవర్ సంతకం కీని నమ్మమని చెప్పడం) ఎంచుకుని అదే పాస్‌వర్డ్ ఇవ్వండి. ఆ స్క్రీన్ దాటేస్తేనే డ్రైవర్ లోడ్ అవ్వక టెన్షన్ మొదలవుతుంది.

నిజంగానే గ్రబ్ పాడైతే పెన్‌డ్రైవ్ మీద ఉబుంటు లైవ్‌తో లేవాలి. ముందు ‘/సిస్/ఫర్మ్‌వేర్/ఈఎఫ్ఐ’ ఫోల్డర్ ఉందో లేదో చూడండి. లేకపోతే మీరు పాత బయోస్ మోడ్‌లో లేచారు, అక్కడ ఎన్ని కమాండ్లు కొట్టినా వృథా, రీబూట్ చేసి పెన్‌డ్రైవ్‌ని యూఈఎఫ్ఐ మోడ్‌లో లేపండి. తర్వాత రూట్ పార్టిషన్‌ని /ఎంఎన్‌టీ మీద, /బూట్ వేరేగా ఉంటే దాన్ని లోపల, ఈఎస్‌పీని /ఎంఎన్‌టీ/బూట్/ఈఎఫ్ఐ మీద మౌంట్ చేయండి. డెవ్, ప్రాక్, సిస్, రన్ నాలుగింటినీ ఆర్‌బైండ్ చేసి (/ఎంఎన్‌టీ లోపల కూడా కనపడేలా జోడించి), సీహెచ్‌రూట్ కమాండ్‌తో మీ డిస్కు మీది ఉబుంటు లోపలికి వెళ్లి గ్రబ్-ఇన్‌స్టాల్, అప్‌డేట్-గ్రబ్ కొట్టండి. ఫెడోరా వాడేవాళ్లు యూఈఎఫ్ఐ మెషీన్ మీద గ్రబ్2-ఇన్‌స్టాల్ వాడకూడదు. షిమ్, గ్రబ్ ప్యాకేజీల్ని డీఎన్ఎఫ్ కమాండ్‌తో రీఇన్‌స్టాల్ చేయాలి.

గ్రబ్‌లో మార్చుకోదగ్గ చిన్న చిన్నవి కొన్ని ఉన్నాయి. గ్రబ్.సీఎఫ్‌జీని చేత్తో ఎప్పుడూ మార్చకండి, తర్వాతి అప్‌డేట్‌కి కొట్టుకుపోతుంది. మార్పులన్నీ పైన చెప్పిన డిఫాల్ట్ ఫైలులోనే. టైమౌట్ 5 సెకన్లు, టైమౌట్ స్టైల్ మెనూ అని పెట్టండి. డిఫాల్ట్‌ని 0, 2 అని నంబర్లతో రాస్తే కొత్త కెర్నల్ వచ్చినప్పుడు వరుస జరిగి ఇంకోటి లేస్తుంది. దానికి బదులు డిఫాల్ట్‌కి ‘సేవ్‌డ్’, సేవ్‌డిఫాల్ట్‌కి ‘ట్రూ’ ఇస్తే పోయినసారి ఎంచుకున్నదే ఈసారీ వస్తుంది. /బూట్ బీటీఆర్‌ఎఫ్ఎస్ మీద ఉంటే ఇది కుదరదు, ‘స్పార్స్ ఫైల్ నాట్ అలౌడ్’ అని తిడుతుంది. కొత్త కెర్నల్ ఆప్షన్ ఏదైనా ప్రయత్నించాలంటే ముందు మెనూలోనే ‘ఈ’ నొక్కి, లినక్స్ అనే లైను చివర చేర్చి, ఎఫ్10తో లేపి చూడండి. బాగుంటేనే ఫైలులో రాయండి. స్క్రీన్ నల్లగా ఉండిపోయే మెషీన్లకి నోమోడ్‌సెట్ (గ్రాఫిక్స్ డ్రైవర్‌ని పక్కన పెట్టే ఆప్షన్) ఇలాగే ఒక్కసారికి ఇచ్చి, లోపలికి వెళ్లి డ్రైవర్ వేసుకుని, తర్వాత మామూలుగా లేపుకోవచ్చు.

మీరు అడగలేదు గానీ, డ్యూయల్ బూట్ అన్నాక ఇది కూడా చూసే ఉంటారు: లినక్స్ నుంచి విండోస్‌కి మారితే గడియారం ఐదున్నర గంటలు వెనక్కి పోతుంది. మదర్‌బోర్డు గడియారంలో ఉన్నది యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) అని లినక్స్, మన టైమ్ అని విండోస్ అనుకోవడం వల్ల వచ్చే తేడా అది, బూట్ లోడర్‌కి సంబంధం లేదు. ఉబుంటులో ‘టైమ్‌డేట్‌సీటీఎల్ సెట్-లోకల్-ఆర్‌టీసీ 1’ కొడితే రెండూ ఒకే టైమ్ చూపిస్తాయి. మన దగ్గర వేసవికి గడియారం మార్చే పద్ధతి లేదు కాబట్టి ఇలా చేసినా ఇబ్బంది లేదు. అమెరికాలోనో, యూకేలోనో ఉంటే మాత్రం విండోస్ రిజిస్ట్రీలో ‘రియల్‌టైమ్‌ఈజ్‌యూనివర్సల్’ అనే విలువకి 1 ఇచ్చి, విండోస్‌నే యూటీసీకి మార్చడం మేలు.